రేడియేషన్ అయ్యాక రొమ్ము పునర్నిర్మాణం: సిలికానా, సొంత కండా?

బడిగంట (నరసన్నపేట):

నమస్కారం. నాకు 43 ఏళ్లు, ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. గత ఏడాది ఎడమ రొమ్ములో క్యాన్సర్ బయటపడితే విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో రొమ్ము పూర్తిగా తీసివేశారు. తరువాత కీమో ఇచ్చి, మన వైపు కరెంటు పెట్టడం అంటారే, ఆ రేడియేషన్ పదిహేను రోజులు ఇచ్చారు. అది ముగిసి మూడు నెలలైంది. ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా రోజూ టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను.

జాకెట్టు లోపల ఎడమవైపు పాత నూలుచీర ముక్క మడిచి పెట్టుకుని బడికి వెళుతున్నాను. నల్లబల్ల మీద పొడవు గీత గీయడానికి రెండు చేతులతో స్కేలు ఎత్తి పట్టుకున్న ప్రతిసారీ ఆ మడత మెడ వైపు పాకుతుంది. పిల్లల వైపు తిరిగేలోపు పైట సర్దుకోవడం ఇప్పుడు నాకు తెలియకుండానే జరిగిపోతోంది.

రొమ్మును మళ్ళీ నిర్మించే ఆపరేషన్ ఒకటి ఉన్నదని అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు. రేడియేషన్ గది బయట బెంచీ మీద కూర్చున్న ఒకావిడ చెబితే తెలిసింది. మా అత్తగారు "ఈ వయసులో ఎవరు చూడొచ్చారు" అంటున్నారు. మా వారు వద్దనడం లేదు గానీ, మళ్ళీ కత్తి పెడితే జబ్బు తిరగబెడుతుందేమోనని భయపడుతున్నారు. సిలికాన్ మేలా, సొంత ఒంట్లోని కండ మేలా? పిల్లలిద్దరూ పెద్దాపరేషన్‌తోనే పుట్టారు. పొట్ట మీద కోత ఉన్నవారికి ఇది కుదురుతుందా? టామాక్సిఫెన్ వేసుకుంటూ ఆపరేషన్ చేయించుకోవచ్చా?

తెల్లకోటు (విజయనగరం):

అమ్మా, ప్లాస్టిక్ సర్జరీ వార్డులో పంతొమ్మిదేళ్లు నర్సుగా పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. ముందుగా చూడవలసింది రేడియేషన్ ముగిసి ఎన్నాళ్ళయిందన్నది. ఆ కిరణాలు తగిలిన చర్మం బిగుసుకుపోయి, లోపలి సన్నని రక్తనాళాలు దెబ్బతిని ఉంటాయి కనుక సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగమంటారు. మీకు ఇంకా తొందర లేదు.

రొమ్ము ఆకారం కోసం లోపల అమర్చే సిలికాన్ ఇంప్లాంట్ చుట్టూ శరీరం ఒక పొర కట్టుకోవడం అందరిలోనూ జరిగేదే. రేడియేషన్ అయిన ఛాతీలో మాత్రం ఆ పొర ముడుచుకుని గట్టిపడి, నొప్పి పుట్టి, ఇంప్లాంట్‌ను తీసివేయవలసి వచ్చే అవకాశం బాగా ఎక్కువ. పైగా ముందుగా చర్మం సాగడానికి ఎక్స్‌పాండర్ అనే సంచిని అమర్చి, కొన్ని వారాల పాటు దానిలోకి సూదితో సెలైన్ నింపుతూ పోతారు. అన్నిసార్లు విశాఖ వెళ్ళి రావడానికి ఎన్ని సెలవులు ఖర్చవుతాయో మీరే లెక్క వేసుకోండి. గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లకూ లింఫోమా అనే క్యాన్సర్‌లో ఒక అరుదైన రకానికీ సంబంధం ఉన్నదని తేలి, 2019లో ఒక రకాన్ని ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నారు. ఇంప్లాంట్ పెట్టించుకున్న వారెవరైనా దాని వివరాల కార్డును పారేయకూడదు.

మీలాంటి వారికి ఎక్కువగా సూచించేది సొంత కణజాలమే. బొడ్డు కింది చర్మాన్నీ కొవ్వునూ వాటి రక్తనాళాలతో సహా తీసి, ఛాతీలోని నాళాలకు మైక్రోస్కోపు కింద కలిపి కుడతారు. పొట్ట కండను తీయరు. దీనిని డీప్ ఫ్లాప్ అంటారు. పెద్దాపరేషన్ కోత అడ్డంగా, కిందుగా ఉంటే సాధారణంగా ఆటంకం కాదు. నిలువు కోత అయితే గీతకు అవతలి సగానికి రక్తం సరిగా అందదు కనుక, పనికివచ్చే భాగం తగ్గుతుంది. సీటీ యాంజియో అనే స్కాన్ తీస్తే నాళాల సంగతి ముందే తెలుస్తుంది. పొట్ట దగ్గర చాలినంత లేనివారికి వీపు కండను ముందుకు తిప్పి అమరుస్తారు. ఆ వీపు పద్ధతిని ఇటలీలో టాన్సిని అనే వైద్యుడు 1906లోనే వివరించాడు కనుక, ఇది నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదని మీ అత్తగారికి చెప్పవచ్చు.

మీ వారి భయానికి జవాబు: పునర్నిర్మాణం వల్ల క్యాన్సర్ తిరగబెట్టదు.

చదివే మరెవరికైనా పనికివస్తుందని ఇంకొక సంగతి రాస్తున్నాను. మా వార్డుకు వచ్చిన ఒక పెద్దావిడను పొగ అలవాటు ఉందా అని అడిగితే లేదన్నారు. ఆవిడ రోజూ నిప్పు నోటిలోపలికి పెట్టుకుని అడ్డపొగ చుట్ట తాగేవారు; ఆవిడ దృష్టిలో పొగ తాగడమంటే మగవాళ్ళు బీడీ కాల్చడం. అమర్చిన చర్మం అంచు మూడో రోజుకు నల్లబడింది. నికోటిన్ సన్ననాళాలను ముడుచుకునేలా చేస్తుంది, కాబట్టి కనీసం నాలుగు వారాల ముందే మానాలి. మన జిల్లాలలో ఈ ప్రశ్నను "చుట్ట తాగుతావా అమ్మా" అనే అడగాలి.

మూడులాంతర్లు (విజయనగరం):

చెల్లీ, నాకు పొట్ట నుంచి తీసి పెట్టి రెండేళ్లయింది. ఆపరేషన్‌కు ఎనిమిది గంటలు పట్టింది. ఆ రాత్రంతా నర్సు గంటగంటకూ వచ్చి, కొత్త రొమ్ము మీద అరచేయి ఆనించి వెచ్చదనం చూసి, పెన్నులాంటి యంత్రంతో లోపలి రక్తం చప్పుడు వినేది. ఆ చప్పుడు వినిపించేదాకా ఊపిరి బిగబట్టుకునేదానిని. పొట్ట లాగి కుట్టడం వల్ల పది రోజులు వంగే నడిచాను, ఆరు వారాలు నిండు బిందె ఎత్తలేదు.

స్పర్శ మాత్రం రాలేదు. వేడినీళ్ళ సంచి ఆనించుకుంటే కాలినా తెలియదు కనుక ఆ జాగ్రత్త ఎప్పటికీ ఉండాలి. చనుమొన చేయించుకోలేదు, అక్కరలేదనిపించింది. నిరుడు సిరిమానోత్సవం రోజు ఆ తోపులాటలో రెండు గంటలు నిలబడి, ఇంటికి వచ్చాక గానీ పైట సంగతి గుర్తుకు రాలేదు.

వెలగాడ (బొబ్బిలి):

నేను వద్దనుకున్నాను. ఇంకొకసారి మత్తు ఇప్పించుకునే ఓపిక నాకు లేదు, అందుకు చింతా లేదు. బరువు సరిపోయే సిలికాన్ అచ్చు బయటనుంచి పెట్టుకుంటాను. ఎండాకాలంలో చెమట పట్టి చిరాకు పెడుతుంది, అప్పుడు దూది కూరిన నూలుదానిని వాడతాను. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా అంతవరకు జాకెట్టు లోపల మెత్తని గుడ్డతో జేబు కుట్టించుకోండి. జేబు నోరు పైకి కాకుండా చంక వైపు ఉండాలి, అప్పుడు చేతులు ఎత్తినా లోపలిది పైకి పాకదు.

బడిగంట (నరసన్నపేట):

అందరికీ కృతజ్ఞతలు. నా కోత అడ్డంగానే ఉంది. ఆరు నెలలు నిండాక ప్లాస్టిక్ సర్జరీ డాక్టరును కలుస్తాను. నిన్న రెండు జాకెట్లకు జేబులు కుట్టించాను. దర్జీ ఆవిడ ఏమీ అడగకుండా కొలత తీసుకుని, మూడో జాకెట్టు కూడా తెమ్మంది. టామాక్సిఫెన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

తెల్లకోటు (విజయనగరం):

అవును, మరచిపోయాను. ఆ మాత్ర రక్తం గడ్డకట్టే గుణాన్ని కొంత పెంచుతుంది కనుక ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్ళు ఆపమనవచ్చు. డాక్టరు చెప్పకుండా మీరుగా ఆపకండి. వెళ్ళేటప్పుడు రేడియేషన్ ఎంత, ఎక్కడెక్కడ ఇచ్చారో రాసిన కాగితాన్ని తీసుకువెళ్ళండి. ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) కార్డు మీద చేయించుకునేటట్లయితే పునర్నిర్మాణానికి అనుమతి వచ్చిందో లేదో చేరకముందే కాగితం మీద చూసుకోండి.