పేగుపూత: పథ్యం చేస్తే మాత్రలు మానొచ్చా?

సీతమ్మధార నాన్న
మా అమ్మాయికి పెద్దపేగులో పూత ఉందని కొలనోస్కోపీ చేసి చెప్పారు. అల్సరేటివ్ కొలైటిస్ అట. మెసలమైన్ అనే మాత్రలు వాడుతోంది. ఇప్పుడు రక్తం లేదు, జిగట లేదు, కాస్త ఒళ్ళు చేసింది కూడా. కారం, పచ్చళ్ళు, బయటి తిండి పూర్తిగా మాన్పించాం. ఇక మాత్రలు ఆపి పథ్యంతోనే నెట్టుకు రావచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

పెదవాల్తేరు పెద్దాయన
నిక్షేపంగా ఆపొచ్చు. మా తమ్ముడిదీ ఇదే జబ్బు. పెరుగు మాన్పించండి, అది వేడి. పలచటి మజ్జిగ పొయ్యండి. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో పసుపు ఇవ్వండి. మావాడు దాంతోనే నిలబడ్డాడు.

గాజువాక షిఫ్టు
ఆపకండి సార్. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టులు చేసే రోజుల్లో నాకిది బయటపడింది. బాగున్నట్టు అనిపించడం వేరు, లోపల పుండు మానడం వేరు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉంది, వాపు ఇంకా ఉందో లేదో దాంతో చాలావరకు తెలుస్తుంది. పైకి బాగున్నప్పుడు మెసలమైన్ ఇచ్చేది మళ్ళీ రేగకుండా ఉండటానికే.

పథ్యం వద్దనడం లేదు. పూత రేగినప్పుడు మెత్తటి అన్నం, తొక్క తీసిన బీరకాయ, సొరకాయ, ఉడికించిన గుడ్డు, కారం తగ్గించి వండిన చేప ముక్క నాకు పడ్డాయి. తొక్కలు, గింజలు, పచ్చి కూరముక్కలు ఆ రోజుల్లో మానేస్తాను. తగ్గాక మాత్రం ఒక్కొక్కటే మళ్ళీ కలుపుకోవాలి. అన్నీ మాన్పించేస్తే పిల్ల నీరసించిపోతుంది, అసలే రక్తం పోయిన ఒళ్ళు. ఇంకో మాట: మోకాలి నొప్పికి డైక్లోఫినాక్ వేసుకున్నాక నాకు తిరగబెట్టింది. ఆ జాతి నొప్పి మాత్రలు కొందరికి పడవు. డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

రైతుబజార్ రాణి
పెరుగు ఎందుకు మానాలండీ? మా ఇంట్లో రాత్రి పెరుగన్నమే.

పెదవాల్తేరు పెద్దాయన
పెరుగు వేరు, మజ్జిగ వేరమ్మా. మా అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న మాట. మీ ఇంట్లో తింటున్నారని జబ్బు మనిషికి పెడతామా?

మహారాణిపేట మందులషాపు
పాలు అరగనివాళ్ళు పాలు తగ్గించుకోవాలి. పెరుగు అందరూ మానాలనేమీ లేదు, తిని పడుతుందో లేదో చూసుకోవడమే. పసుపు సంగతి చెబుతాను. 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం రోజుకు 3 గ్రాములు ఇస్తే కొందరికి మేలు జరిగింది. అదీ మెసలమైన్‌తో పాటు ఇచ్చారు, మాత్ర మాన్పించి కాదు. పసుపులో కర్కుమిన్ నూటికి మూడు పాళ్ళు వేసుకున్నా, అంత కర్కుమిన్‌కి 100 గ్రాముల పసుపు కావాలి. చెంచాడు పసుపు నీళ్ళతో అది రాదు.

పెదవాల్తేరు పెద్దాయన
మందులు అమ్ముకునేవాళ్ళు ఇంకేం చెబుతారు. స్టెరాయిడ్ వేసి మావాడి ముఖం బూరెలా ఉబ్బిపోయింది. మందులకే ఇల్లు గుల్లయింది. పెరుగు మానేశాకే తేరుకున్నాడు. కావాలంటే రమ్మనండి, చూపిస్తాను.

గాజువాక షిఫ్టు
స్టెరాయిడ్‌నీ మెసలమైన్‌నీ ఒకే గాటన కట్టకండి. స్టెరాయిడ్ రేగినప్పుడు అణచడానికి, ఏళ్ళ తరబడి వాడేది కాదు. మీ తమ్ముడుగారు ఇప్పుడు ఏ మందూ వాడటం లేదా? సూటిగా చెప్పండి.

పెదవాల్తేరు పెద్దాయన
ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు సెలైన్‌లో పెట్టి ఎక్కిస్తున్నారు. అయినా పథ్యం లేకపోతే అదీ పనిచేసేది కాదు.

ఎంవీపీ అమ్మాయి
ఇంతసేపూ చదివాను, ఇక ఆగలేను. ఈ జబ్బు నాకూ ఉంది. మళ్ళీ రక్తం పడిందని చెబితే మా ఇంట్లో మొదటి ప్రశ్న "ఏం తిన్నావ్?" అనే. ఏమీ తినకపోయినా తిరగబెడుతుంది. పరీక్షల టెన్షన్‌లో రేగింది, కారణమేదీ కనబడకుండానూ రేగింది. ప్రతిసారీ దొంగను పట్టుకున్నట్టు చూస్తారు. అందుకే ఇంట్లో చెప్పడమే మానేశాను. ఒకసారి మధురవాడ వెళ్ళే బస్సు మధ్యలో దిగిపోయి, హోటల్ వాళ్ళను బాత్రూం కోసం బతిమాలుకున్నాను. తలుపు గడియ పడలేదు, ఒక చేత్తో పట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నేను తిన్నది ఇడ్లీ. పచ్చడి కూడా వేసుకోలేదు.

పెరుగా మజ్జిగా అని పెద్దవాళ్ళు వాదించుకుంటున్నారు. ఆ పిల్లను ఎవరైనా అడిగారా?

సీతమ్మధార నాన్న
నేను మా అమ్మాయిని తిట్టే మనిషిని కానమ్మా. మీకు తెలియకుండా మాట్లాడకండి. అనకాపల్లి నుంచి సంబంధం వచ్చింది. మంచి కుటుంబం. పెళ్ళయ్యాక ఆ మందుల డబ్బా సూట్‌కేసులో కనబడితే ఏం చెప్పాలి? పిల్లలు పుడతారా అని అడిగితే ఏం చెప్పాలి? మాత్రలు లేకుండా బాగుంటే ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆడపిల్ల తండ్రిగా అడిగాను.

రైతుబజార్ రాణి
ఏటండీ ఇది, దాచి పెళ్ళి చేస్తారా? రేపు అక్కడ రేగితే ఆ పిల్ల గతేంటి?

పెదవాల్తేరు పెద్దాయన
చెబితే సంబంధం తప్పిపోతుంది. మీ ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉంటే తెలుస్తుంది. ఆయన బాధ ఆయనది.

మహారాణిపేట మందులషాపు
బాబాయ్ గారూ, పిల్లల గురించి అయితే ఒక మాట. జబ్బు అదుపులో ఉన్నవాళ్ళకు గర్భం రావడానికి మామూలుగా అడ్డేమీ ఉండదు. రేగి ఉన్నప్పుడు వస్తేనే ఇబ్బంది. మెసలమైన్ గర్భంతో ఉన్నా సాధారణంగా కొనసాగిస్తారు. పిల్లల కోసమని మాత్ర ఆపిస్తే, ఆ పిల్లల దగ్గరే చిక్కు వస్తుంది.

ఎంవీపీ అమ్మాయి
మీరు అడగాల్సింది మమ్మల్ని కాదు, మీ అమ్మాయిని. ఆ ఇంటివాళ్ళకు చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో తననే తేల్చుకోనివ్వండి. వాళ్ళకు అనుమానాలుంటే డాక్టరుతోనే మాట్లాడించండి.

సీతమ్మధార నాన్న
అడిగాను. మాత్ర ఆపనంది. పెళ్ళిచూపుల్లోనే తాను చెబుతానంటోంది. వాళ్ళమ్మ కూడా తన పక్షమే. నాకు మనసొప్పడం లేదు. మాత్రలు మాత్రం ప్రస్తుతానికి ఆపించడం లేదు.