ల్యాబుల్లో మిగిలిపోయిన విండోస్ 10 సిస్టమ్స్‌ని ఏం చేయాలి?

యూనివర్సిటీ ఐటీ విభాగంలో పనిచేస్తున్నాను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కదా, ఆఫీసు సిస్టమ్స్ చాలావరకు 11కి మార్చేశాం. తలనొప్పంతా ల్యాబుల్లోనే. పాత పరికరాలకు కలిపిన కంప్యూటర్లలో విండోస్ 11కి తప్పనిసరైన టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) లేదు, ప్రాసెసర్లూ పాతవే. పైగా ఆ పరికరాల డ్రైవర్లు (వాటిని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) 11లో పనిచేయవని తయారీదారులే తేల్చేశారు. డబ్బు కడితే సెక్యూరిటీ అప్‌డేట్లు మూడేళ్ల దాకా వస్తాయి గానీ, అది వాయిదా వేయడమే.

వీటిని ఇంటర్నెట్ లేని వేరే నెట్‌వర్క్‌లో పెడదామంటే, రీడింగులు బయటికి ఎలా తీసుకోవాలని ప్రొఫెసర్లు అడుగుతున్నారు. పెన్‌డ్రైవ్ అంటే నాకే భయం! మీ దగ్గర దీన్ని ఎలా సర్దుకొచ్చారు? ఒక గడువు పెట్టి, ఆ తర్వాత కనెక్షన్ తీసేస్తామంటే వింటారా, గొడవకు దిగుతారా?