సిద్ధమనస్సు: ఈ మాటలో ఉత్సాహం వినిపిస్తున్నదా?

బైబిలులోని మొదటి పేతురు పత్రిక (పేతురు రాసిన మొదటి లేఖ) 5వ అధ్యాయం 2వ వచనంలో, మందను “బలిమిచేత కాక దేవుని చిత్తప్రకారము ఇష్టపూర్వకముగాను, దుర్లాభాపేక్షతో కాక సిద్ధమనస్సుతోను” కాయమని సంఘపు పెద్దలకు చెప్పిన మాటలు ఉన్నాయి. ఇక్కడి “బలిమి”ని ఈనాటి పాఠకులు చాలామంది సొంత బలమని అనుకుంటారు. జెకర్యా గ్రంథంలోని “శక్తిచేతనైనను బలముచేతనైనను కాక” అన్న మాట మనసులో మెదలడం వల్ల కావచ్చు. ఇక్కడ దాని అర్థం బలవంతం. ఆదివారపు బడికి ఎవరు వస్తారని పెద్ద ఒకరు అడిగినప్పుడు, ఆయన చూపు నా మీద ఆగిందన్న ఒక్క కారణంతో నేను చెయ్యి ఎత్తాను. పేతురు వద్దన్న బలిమి అదే.

నా సందేహం “సిద్ధమనస్సు” గురించి. మూలంలోని గ్రీకు పదం ప్రోథూమోస్. “ప్రో” అంటే ముందుకు, “థూమోస్” అంటే గుండెలో ఎగసే ఉద్వేగం. దుర్లాభాపేక్షకు ఎదురుగా ఈ పదాన్ని నిలపడంలోనే దీని స్వారస్యం ఉందని నాకు అనిపిస్తుంది. లాభం కోరేవాడు కూడా పరుగెత్తుకుంటూనే వస్తాడు కనుక, అతనికి ఎదురుగా నిలవవలసినవాడు ఏ కోరికా లేనివాడు కాదు, వేరొక కోరిక లాగుతున్నవాడు. తెలుగులో “సిద్ధం” అనగానే పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న మనిషి కనిపిస్తాడు గాని, పిలవకముందే లేచి నిలబడినవాడు కనిపించడు. అపొస్తలుల కార్యములు 17:11లో ఇదే ధాతువు నుండి వచ్చిన పదాన్ని మన అనువాదకులు “ఆసక్తితో” అన్నారు. ఇక్కడ కూడా ఆ మాటే వాడి ఉండవచ్చు గదా?

జవాబు: అయ్యా, “బలిమి” విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే “ఆసక్తి”ని ఇక్కడికి తేవడానికి నా మనసు ఒప్పడం లేదు. పాతకాలపు తెలుగులో ఆ మాటకున్న పట్టు ఈనాడు సడలిపోయింది. నేడు ఆసక్తి ఉంటే వస్తారు, పోతే మానేస్తారు. మార్కు 14:38లో “ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము” అన్నచోట కూడా మూలంలో ఇదే పదం ఉంది. నిద్రకు కళ్ళు మూతలు పడుతున్న శిష్యులతో యేసు అన్న ఆ మాటలో “ఆసక్తి” ఇమడదు. రెండవ కొరింథీయులకు 8:12లో “సిద్ధమైన మనస్సు”ను కలిమి కొలది ఇచ్చే ఈవికి ముడిపెట్టారు గనుక, అది ఒకనాటి ఉప్పొంగు కాక చేతికి పని అప్పగించే మనస్సని నాకు తోస్తుంది. సంస్కృతంలో “సిద్ధ”కు నెరవేరినదన్న అర్థం కూడా ఉందిగదా.

ప్రతిజవాబు: మార్కు సువార్తలోని ఉదాహరణ నాకు స్ఫురించలేదు, కృతజ్ఞతలు. “ఆసక్తి”ని ఉపసంహరించుకుంటున్నాను. అయినా దుర్లాభాపేక్ష పక్కన “సిద్ధమనస్సు” కొంత చప్పగానే వినిపిస్తున్నది. “ఉత్సుకత”లో నిలకడ లేదు, “ఉల్లాసం”లో బరువు లేదు. అచ్చతెలుగులో “మనసుపడి చేయడం” అన్న పలుకుబడి ఒకటి ఉంది. వచనంలో అది ఇముడుతుందో లేదో మీరే చెప్పాలి.