నవమి నాటకం లైవ్ ఇస్తే ఊరు దగ్గరవుతుందా, పందిరి ఖాళీ అవుతుందా?

పల్నాటి కుర్రాడు
మా ఊళ్లో శ్రీరామనవమికి ఏటా పద్యనాటకం వేయిస్తాం. కృష్ణ రాయబారం, హరిశ్చంద్రలో కాటి సీను, తెల్లారేదాకా. ఈమధ్య యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాం. బయటున్నవాళ్ల నుంచి చందాలు బాగా పెరిగాయి. ఇప్పుడు కమిటీలో పేచీ. లైవ్ వల్ల ఊళ్లోవాళ్లే మంచం మీద పడుకుని ఫోన్‌లో చూస్తున్నారని, పందిట్లో ముందు వరసలు తప్ప జనం లేరని పెద్దవాళ్లు ఆపేయమంటున్నారు. నేను లైవ్ ఉండాలనే వాణ్ణి. మీ మాట చెప్పండి.

హార్మోనియం పెట్టె
ఆపేయడమే మంచిది తమ్ముడూ. పద్యనాటకంలో సగం స్టేజీ మీద, సగం కింద జరుగుతుంది. కింద నుంచి "వన్స్‌మోర్" అని గట్టిగా కేక పడితేనే కృష్ణుడు రెండోసారి రాగం ఇంకా పైకి తీస్తాడు. ఎదురుగా ఖాళీ కుర్చీలుంటే పద్యం అప్పజెప్పి వెళ్లిపోతాడు. నేను ఎన్నో ఏళ్లుగా పక్కన కూర్చుని వాయిస్తున్నాను, ఆ తేడా నాకు తెలుసు.

ఇంకో సంగతి. కృష్ణుడి వేషం ఇద్దరు వేస్తారు కదా, ఒకటో కృష్ణుడికి ఒక బ్యాచ్, రెండో కృష్ణుడికి ఇంకో బ్యాచ్ ఉండేవి. పంతం పట్టి మరీ చదివింపులు చదివించేవాళ్లు. మైకులో పేరు చెప్పించుకునే సరదా వాళ్లది, డబ్బులు ఆర్టిస్టువి. లైవ్ చూసి పంపే చందాలు మాత్రం కమిటీ ఖాతాలో పడుతున్నాయి. దీని గురించి ఎవరూ నోరు మెదపరేం?

కువైట్ కోనసీమ
అన్నా, మీరు చెప్పిన చదివింపులు మేం కూడా చదివించాలనే ఉంటుంది, స్టేజీ దగ్గరికి రాలేం కదా. అక్కడ రాత్రి పదింటికి తెర లేస్తే మాకు ఏడున్నర. డ్యూటీ దిగి రూములో వాళ్లమంతా ఒక్క ఫోన్ ముందు చేరతాం. అందరిదీ ఒక ఊరు కాదు. ఒకడిది రాజోలు, ఒకడిది జగిత్యాల, ఇద్దరిది కడప పక్క. జగిత్యాల తమ్ముడికి ముందు పద్యనాటకం అంటే ఏంటో తెలియదు, ఇప్పుడు రెండో కృష్ణుడి తరఫున మాతో వాదిస్తున్నాడు. దీన్ని ఊరు అనరా మరి?

డల్లాస్‌లో దాచేపల్లి
మాకు అదే టైముకి పొద్దున పదకొండున్నర. ఆఫీసులో ఒక చెవిలో పెట్టుకుని వింటాను. నిజం చెప్పాలంటే నేను లైవ్ పెట్టేది కృష్ణుడి కోసం కాదు. ఇంతకంటే బాగా పాడే కృష్ణులు యూట్యూబ్‌లో పాత రికార్డింగుల్లో కావలసినంత మంది ఉన్నారు. కెమెరా ఎప్పుడైనా జనం వైపు తిరిగితే మా వీధివాళ్లు కనిపిస్తారు, ఎవరు ముసలివాళ్లయ్యారు, ఎవరి పిల్లలు పెద్దవాళ్లయ్యారు తెలుస్తుంది. దాని కోసం పెడతాను. మీ కెమెరావాడు రాత్రంతా స్టేజీకే అతుక్కుపోతాడు. ఒక ఏడు ఒక్కసారి తిప్పాడు, చూస్తే సగం కుర్చీలు ఖాళీ. ఆ ఏడు నేను పావుగంటలో కట్టేశాను.

అంటే పెద్దాయన చెప్పింది నాకూ వర్తిస్తుంది. పందిరి ఖాళీ అయితే దూరంగా ఉన్నవాడికి కూడా చూడ్డానికి ఏమీ మిగలదు.

తెనాలి కోడలు
పందిరి ఖాళీ అయిందని అందరూ బాధపడుతున్నారు గానీ, అది నిండుగా ఉన్న రోజుల్లో ఆడవాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లో గుర్తుందా ఎవరికైనా? వెనక చీకట్లో, పట్టాల మీద. రాత్రి రెండింటికి కాటి సీను వచ్చేసరికి పక్కన తాగినవాళ్ల గోల. బాత్రూమ్ లేదు. మా అత్తగారు ఎన్నో నవములు చూశారు గానీ కాటి సీను చివరిదాకా చూసింది లైవ్ వచ్చాకే, ఇంట్లో కూర్చుని. "చంద్రమతి ఇంత బాగా ఏడుస్తుందా" అన్నారు. లైవ్ ఆపేస్తే ఆవిడ పందిట్లోకి వస్తుందనుకుంటున్నారా? రాదు. నాటకమే మానేస్తుంది.

హార్మోనియం పెట్టె
అమ్మా, నువ్వు చెప్పిన దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ అది కమిటీవాళ్లు లైట్లు, కుర్చీలు, బాత్రూమ్‌లు ఏర్పాటు చేసి తీర్చాల్సిన సంగతి. కెమెరా పెట్టి చేతులు దులుపుకోకూడదు.

మైకుసెట్టు
లైవ్ ఇచ్చేవాళ్లకు కొన్ని పనికొచ్చే మాటలు. ఫోన్ మైకు నమ్ముకోవద్దు. సౌండ్ మిక్సర్ నుంచి వైరు లాగి సౌండ్ తీసుకోండి, లేకపోతే పద్యం కంటే జనరేటర్ ఎక్కువ వినిపిస్తుంది. కొత్త ఛానెల్ అయితే లైవ్ ఆన్ కావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, నవమి రోజు సాయంత్రం కూర్చుని టెన్షన్ పడకండి. ఫోన్ నుంచి ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. సీనుకూ సీనుకూ మధ్య సినిమా పాటలు వేస్తే మ్యూజిక్ కంపెనీ హక్కుల కింద లైవ్ మధ్యలోనే ఆగిపోవచ్చు. అలా ఆగిందంటే మళ్లీ కలిసేసరికి కృష్ణుడు సభలోంచి వెళ్లిపోయి ఉంటాడు.

ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లకు: 2025 ఫిబ్రవరి 19 నుంచి అక్కడ లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటాయి. దాచుకోవాలంటే దించుకోవాల్సిందే. యూట్యూబ్‌లో 12 గంటలు దాటిన లైవ్ తనంతట తాను సేవ్ కాదు. కాబట్టి సాయంత్రం కోలాటం నుంచి మర్నాడు మంగళహారతి దాకా ఒకే లైవ్‌గా ఇవ్వొద్దు.

నాంపల్లి ప్రేక్షకుడు
సురభి నాటక సమాజంవాళ్లు 1885 నుంచి ఆడుతున్నారు. గాల్లో ఎగరడం, మాయమవడం, అన్నీ తీగలతో, లైట్లతో చేస్తారు. హాల్లో కూర్చుంటే నోరు తెరుచుకుని చూస్తాం. అదే జూమ్ చేసిన వీడియోలో తీగ కనిపిస్తుంది. కొన్ని నాటకాలు దూరం నుంచి చూడ్డానికే కట్టారు.

రిటైర్డ్ ప్లీడరు
అసలు అడగాల్సింది కమిటీని కాదు, నటుణ్ణి. కాపీరైటు చట్టం 38, 38ఏ సెక్షన్ల ప్రకారం ప్రదర్శనను రికార్డు చేయడానికి, జనానికి ప్రసారం చేయడానికి అనుమతి ఇచ్చే హక్కు ప్రదర్శకుడిది. 38ఏ 2012 సవరణతో వచ్చింది. ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది మొదలు నుంచి లెక్కేస్తే ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ఆర్టిస్టులను కుదిర్చే కాంట్రాక్టరు ఫోన్‌లో "సరే కానీయండి" అంటే చాలదు. ఒక్కొక్కరి దగ్గర కాగితం మీద సంతకం తీసుకోండి, లైవ్‌కి వేరే డబ్బు ఎంతో అందులోనే రాయండి.

కువైట్ కోనసీమ
సంతకాలంటే కాంట్రాక్టరు రేటు పెంచుతాడండీ.

హార్మోనియం పెట్టె
పెంచనీ బాబూ. ఇంతకాలం ఊరికే చూశారుగా. పక్క ఊరివాళ్లు "మీ నాటకం ఫోన్‌లో చూసేశాం, ఈ ఏడు వద్దులే" అని బుకింగ్ రద్దు చేసుకున్నప్పుడు ఆ నష్టం ఎవరు భరించారు?

తెనాలి కోడలు
యూట్యూబ్‌లో చూసి బుక్ చేసుకున్న ఊళ్లు కూడా ఉన్నాయి కదండీ. మా పక్కూరికి ఒక అమ్మాయి చంద్రమతి వేయడానికి వచ్చింది అలాగే.

హార్మోనియం పెట్టె
ఉన్నాయి, కాదనను. పేరున్నవాళ్లకు వస్తాయి. తబలావాడికి రావు, నాకూ రావు.

పల్నాటి కుర్రాడు
అందరికీ థ్యాంక్సండీ. కమిటీలో ఇలా చెబుదామనుకుంటున్నా. ఆర్టిస్టులందరి దగ్గర, తబలా, హార్మోనియం వాళ్లతో సహా, సంతకం తీసుకుంటాం. లైవ్ చూసి వచ్చిన డబ్బును చదివింపుల్లాగే పంపినవాళ్ల పేర్లతో మైకులో చదివి, స్టేజీ మీదే ఆర్టిస్టులకిస్తాం. రెండో కెమెరా జనం మీద. ఆడవాళ్లకు ముందు వరసల్లో ఒక పక్కంతా కుర్చీలు, బాత్రూమ్, దారిలో లైట్లు. చాట్‌లో వన్స్‌మోర్ పడితే అదీ మైకులో చెబుతాం.

మైకుసెట్టు
చివరిది కుదరదు. లైవ్ అరనిమిషం వెనకాల నడుస్తుంది. కువైట్ నుంచి వన్స్‌మోర్ వచ్చేసరికి ఇక్కడ కర్ణుడు పద్యం ఎత్తుకుని ఉంటాడు.

కువైట్ కోనసీమ
ఆపమనండి కర్ణుణ్ణి!

హార్మోనియం పెట్టె
పద్యం మధ్యలో ఆపితే నేను పెట్టె మూసేస్తాను. డబ్బులు పంచే సంగతి మాత్రం కాగితం మీద పెట్టించు తమ్ముడూ, తబలాకు ఎంత, హార్మోనియానికి ఎంత, విడివిడిగా. అది చూశాకే లైవ్‌కి ఊ అంటాను.