హాస్టల్లో తిన్న దెబ్బల మీద లఘుచిత్రం: కొట్టే దృశ్యం చూపించాలా?

ప్రశ్న:
నమస్కారం. నాలుగో తరగతి నుంచి ఏడో తరగతి వరకు నేను ఒక హాస్టల్లో ఉండి చదువుకున్నాను. రాత్రి స్టడీ అవర్‌లో కునికిపాట్లు పడిన పిల్లలను వార్డెన్ నిలబెట్టి బెత్తంతో కొట్టేవారు. వరండాలో ఆయన తాళాల గుత్తి గలగలమనగానే అందరం పుస్తకాల మీదికి వంగిపోయేవాళ్లం. ఇప్పుడు నాకు 34 ఏళ్లు; అయినా పక్కింటివాళ్లు తాళం తీస్తుంటే నా భుజాలు బిగుసుకుంటాయి. దీనిపై 12 నిమిషాల చిత్రానికి స్క్రిప్టు రాసుకున్నాను. కొట్టడం నేరుగా చూపించకపోతే ప్రేక్షకులకు ఆ భయం అందదేమో అనిపిస్తోంది. తొమ్మిదేళ్ల బాబు చేత అది నటింపజేయడానికేమో మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు 1:
నేను సహాయ దర్శకుడిగా పనిచేస్తున్నాను. మీకు కావలసిన భయం ఆ తాళాల గుత్తిలోనే ఉందండీ. బెత్తం చూపిస్తే ప్రేక్షకుడి కళ్లు వార్డెన్ మీదికి పోతాయి. చప్పుడు దగ్గరవుతుండగా కెమెరాను బాబు ముఖం మీదే నిలిపితే, వాడితోపాటు తానూ ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. వార్డెన్ షాట్లు వేరే రోజు తీసుకొని ఎడిటింగ్‌లో కలపవచ్చు. బాబుకు కథంతా చెప్పనక్కరలేదు, "ఎవరో వస్తున్నారు, ఎంత దూరంలో ఉన్నారో విను" అంటే చాలు. ఒక పాపను నటుడి చేత నిజంగానే భయపెట్టించి, ఆ ఏడుపును కెమెరాకెక్కించిన సెట్ ఒకటి చూశాను. ఆ పాప సాయంత్రం వరకు ఆ నటుడి దగ్గరికి వెళ్లలేదు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. 2017లో సవరించిన బాల కార్మిక నిబంధనల ప్రకారం ఇలాంటి చిత్రీకరణకు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. పిల్లల పని రోజుకు 5 గంటలు, విరామం లేకుండా 3 గంటలు మించకూడదు.

జవాబు 2:
నేను కౌన్సెలర్‌ను. ఇటువంటి జ్ఞాపకం చాలాసార్లు వరుసగా కథలా రాదు. ఒక చప్పుడో, ఒక వాసనో తెగిన ముక్కలా వచ్చిపడుతుంది. అందుచేత ఫ్లాష్‌బ్యాక్‌ను మొదలూ చివరా ఉన్న సన్నివేశంగా తీయకపోతేనే నిజానికి దగ్గరగా ఉంటుంది. మరొక మాట, సౌండ్ మిక్సింగ్‌లో ఆ గలగలను మీరు పదేపదే వినవలసి వస్తుంది కనుక ఆ పనిని వేరొకరికి అప్పగించండి. నిద్ర చెడినా, ఆందోళన పెరిగినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చిత్రం చివర ఆ నంబరుతోపాటు పిల్లల హెల్ప్‌లైన్ 1098ని కూడా వేయండి.

జవాబు 3:
నేను ఒక తల్లిని. మా అబ్బాయి ప్రతి ఆదివారం హాస్టల్ ఫోన్‌లో "బాగున్నానమ్మా" అనేవాడు. ఆ సమయంలో వార్డెన్ పక్కనే నిలబడి ఉండేవారని పదేళ్ల తర్వాత చెప్పాడు. వీలైతే ఆ ఫోన్‌ను చూపించండి నాయనా.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, మా హాస్టల్లోనూ ఫోన్ వార్డెన్ బల్ల మీదే ఉండేది. కొట్టే సన్నివేశం తీసేసి, ఆ చోట ఫోన్ సన్నివేశం రాస్తున్నాను: అవతల తల్లి గొంతు, ఇవతల బాబు "బాగున్నాను" అనడం, వెనుక తాళాల గుత్తి. మిక్సింగ్‌ను మిత్రుడికి అప్పగిస్తాను. మా అమ్మకు ఇవేవీ ఇంతవరకు తెలియవు. చిత్రం ఎక్కడైనా వేసేలోగా ఆమెకు నేనే స్వయంగా చెప్పాలి. ఈ వారం ఊరికి వెళ్తున్నాను.