రియల్ అనాలిసిస్: ఈ ప్రొఫెసర్ గారి పాఠాలు, పరీక్షలు ఎలా ఉంటాయి?

ప్రశ్న (రెండో సంవత్సరం విద్యార్థి):
వచ్చే సెమిస్టర్‌లో రియల్ అనాలిసిస్ (కాల్క్యులస్ వెనకున్న సిద్ధాంతాలను నిరూపించే గణిత కోర్సు) తీసుకుందామనుకుంటున్నాను. నాకు కుదిరే వేళలో ఉన్న తరగతి మా విభాగంలోని సీనియర్ ప్రొఫెసర్ గారిది. ఆయన స్లైడ్లు గానీ నోట్సు గానీ ఇవ్వకుండా బోర్డు మీదే పాఠం చెబుతారట. పాఠం బాగుంటుందని అందరూ ఒప్పుకుంటున్నారు గానీ, పరీక్ష మాట వచ్చేసరికి ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతున్నారు. కాల్క్యులస్‌లో నాకు మంచి మార్కులే వచ్చినా నిరూపణలు రాసే అలవాటు లేదు. ఆయన దగ్గర చదివినవారు ప్రశ్నపత్రం తీరు, పేపర్లు దిద్దే పద్ధతి వివరంగా చెప్పగలరా?

జవాబు (కిందటి సంవత్సరం కోర్సు పూర్తిచేసిన విద్యార్థిని):
ఆయన పరీక్ష పాఠంలోంచే పుడుతుంది కాబట్టి ముందు పాఠం గురించి చెబుతాను. ఒక సిద్ధాంతం ఎందుకు అవసరమైందో చూపించిన తరువాతే ఆయన దానిని బోర్డు మీద రాస్తారు. ఏకరూప అభిసరణ (శ్రేణి అన్ని బిందువుల దగ్గరా ఒకే తీరున తన మొత్తాన్ని సమీపించడం) అధ్యాయాన్ని, అవిచ్ఛిన్న (ఎక్కడా తెగని) ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే దాని మొత్తం కూడా అవిచ్ఛిన్నమే అవుతుందని 1821లో గణితవేత్త కోషీ చేసిన ప్రతిపాదనతో మొదలుపెట్టారు. నిరూపణ కూడా రాసి, అభ్యంతరం ఉన్నవారు చెప్పమన్నారు. ఎవరమూ నోరు మెదపలేదు. అప్పుడు 1826లో మరో గణితవేత్త ఆబెల్ ఎత్తిచూపిన సైన్ శ్రేణిని రాసి, అందులోని ప్రతి పదమూ అవిచ్ఛిన్నమే అయినా మొత్తం మాత్రం పై (π) దగ్గర ఎలా తెగిపోతుందో గీసి చూపించి, నిరూపణలో ఏ పంక్తి నిలబడదో మా చేతనే పట్టించారు. కోషీ ఉద్దేశం వేరని వాదించే చరిత్రకారులూ ఉన్నారు, కానీ ఆ చర్చ పరీక్షలో రాదు.

ప్రశ్నపత్రంలో ఎక్కువ భాగం 'నిజమైతే నిరూపించండి, కాకపోతే ప్రత్యుదాహరణ (వాక్యం తప్పని చూపే ఉదాహరణ) ఇవ్వండి' అనే తరహాలో ఉంటుంది. అవకలజం (ప్రమేయం మారే రేటు) పరిబద్ధం కాకపోతే, అంటే హద్దుల్లో లేకపోతే, ప్రమేయం ఏకరూప అవిచ్ఛిన్నం కాజాలదన్న వాక్యం మాకు వచ్చింది. అవకలజం పరిబద్ధమైతే ఏకరూప అవిచ్ఛిన్నత ఉంటుందని తరగతిలో నిరూపించారు కాబట్టి, దాని విపర్యయం (తిరగేసిన వాక్యం) కూడా నిజమేననుకుని చాలామంది రాసేశారు. సున్నాకూ ఒకటికీ మధ్య వర్గమూల ప్రమేయాన్ని తీసుకుంటే ఆ వాక్యం కూలిపోతుంది. సున్నాను సమీపించే కొద్దీ అవకలజం హద్దు లేకుండా పెరుగుతుంది, అయినా డెల్టాను (ఎక్స్‌లో అనుమతించే తేడాను) ఎప్సిలాన్ (ప్రమేయం విలువలో అనుమతించే తేడా) వర్గంగా ఎంచుకుంటే ఏకరూప అవిచ్ఛిన్నత నిరూపణ అయిపోతుంది. బట్టీ పట్టినవారికి ఇటువంటి ప్రశ్న దగ్గరే చుక్కెదురవుతుంది.

జవాబు (మూడో సంవత్సరం విద్యార్థి):
దిద్దడం కఠినమే, కానీ ఏ మార్కు ఎందుకు పోయిందో పేపరులోనే కనిపిస్తుంది. సున్నా నుంచి ఒకటి వరకు ఎక్స్ వర్గం ఏకరూప అవిచ్ఛిన్నమని నిరూపించమంటే, నేను డెల్టాను ఎప్సిలాన్ బై (ఎక్స్ ప్లస్ ఒకటి) అని రాశాను. ఎక్స్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'ఈ డెల్టాకు ఎక్స్ ముందే ఎలా తెలిసింది?' అని రాశారు. ఒక బిందువు దగ్గర అవిచ్ఛిన్నతకైతే అది సరైన జవాబే. ఏకరూప అవిచ్ఛిన్నతకు మాత్రం అన్ని బిందువులకూ ఒకే డెల్టా పనిచేయాలి. ఎక్స్ ప్లస్ ఒకటికి బదులు రెండు అని రాసి ఉంటే పూర్తి మార్కులు వచ్చేవి. తక్కిన పంక్తులన్నీ సరిగ్గానే ఉన్నాయని సగం మార్కులు ఇచ్చారు.

జవాబు (పూర్వ విద్యార్థి):
పై ఇద్దరూ చెప్పినది నిజమే అయినా, ఒక లోపాన్ని దాటవేశారు. ఆయన ఇచ్చే అసైన్‌మెంట్లన్నీ నిజమైన వాక్యాలను నిరూపించమనేవే. ప్రత్యుదాహరణలను తరగతిలో ఆయనే చూపిస్తారు తప్ప మా చేత వెతికించరు, పరీక్షలో మాత్రం వాటినే గడియారం చూసుకుంటూ కనిపెట్టమంటారు. వెతకడానికి పట్టే సమయం ఎంతో ముందుగా అంచనా వేయలేము గనుక, విషయం బాగా తెలిసినవారు కూడా రెండో ప్రశ్న దగ్గరే చిక్కుకుని చివరి ప్రశ్నలు వదిలేస్తారు. పరీక్ష అయ్యాక జవాబుల నమూనా కూడా ఇవ్వరు. ఇంత మంచి పాఠం చెప్పే మనిషి ఈ ఒక్క విషయంలో ఎందుకు మారరో నాకు అంతుపట్టదు.

ప్రశ్న అడిగిన విద్యార్థి:
ధన్యవాదాలు. మరి ప్రత్యుదాహరణలు వెతకడాన్ని సొంతంగా ఎలా సాధన చేయాలి?

జవాబు (కిందటి సంవత్సరం కోర్సు పూర్తిచేసిన విద్యార్థిని):
పూర్వ విద్యార్థి గారి ఫిర్యాదు న్యాయమైనదే, ఆ సాధన మనమే చేసుకోవాలి. ఏ సిద్ధాంతమైనా చదవగానే దాని షరతులను ఒక్కొక్కటిగా తీసేసి, ఆ లోటుతో కూలిపోయే ప్రమేయాన్ని వెతకండి. సంవృత (రెండు కొసలూ చేరిన), పరిబద్ధ అంతరం మీద అవిచ్ఛిన్నమైన ప్రమేయం పరిబద్ధమవుతుందన్న సిద్ధాంతాన్నే తీసుకోండి. సున్నా నుంచి ఒకటి వరకు ఉన్న అంతరం నుంచి సున్నాను తీసేస్తే ఒకటి బై ఎక్స్ దానిని చెడగొడుతుంది. అంతరానికి హద్దు లేకపోతే ఉత్త ఎక్స్ చాలు. అవిచ్ఛిన్నతను వదిలేస్తే అదే ఒకటి బై ఎక్స్‌కు సున్నా దగ్గర ఏదో ఒక విలువ ఇస్తే సరిపోతుంది. దొరకనప్పుడు మీరు ఎంతవరకు వచ్చారో కాగితం మీద రాసుకుని ఆయన గదికి వెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్లినవారిని ఆయన పుస్తకం చదువుకోమని పంపేస్తారు గానీ, ప్రయత్నం కనిపిస్తే ఎంతసేపైనా కూర్చోబెట్టి చెబుతారు.