గేటు పక్కన ఏ పూల చెట్టు పెట్టాలి? (200 గజాల ఇల్లు, దగ్గర్లోనే సంపు)

మణికొండ_వాణి: గేటుకి ఎడమ పక్క ఆరడుగుల జాగా ఉందండి, సంపు అక్కడికి ఎనిమిదడుగులు, పైన కరెంటు తీగలు. పూలు బాగా పూయాలి, వేర్లు సంపు జోలికి పోకూడదు. మావారు గుల్మొహరే కావాలంటున్నారు.

బోడుప్పల్_రవి: గుల్మొహర్ అస్సలొద్దు మేడం. మాది 12 ఏళ్ల చెట్టు, మొన్న మే నెల గాలివానకి పెద్ద కొమ్మ విరిగి కారు మీద పడింది, వెనకద్దం మొత్తం పోయింది. వేర్లు పైపైనే పాకి కాంపౌండ్ గోడని లేపేసినయ్. అసలది మన నేల చెట్టే కాదు, మడగాస్కర్‌ది.

కూకట్‌పల్లి_లక్ష్మి: రేల పెట్టండి. ఏప్రిల్, మే వచ్చిందంటే ఆకు రాలిపోయి చెట్టంతా పసుపు గుత్తులే, రోడ్డున పోయేవాళ్లు బండి ఆపి ఫొటోలు తీసుకుంటారు మా ఇంటి ముందు.

హబ్సిగూడ_సురేష్: తంగేడే కదా, మన రాష్ట్ర పుష్పం.

కూకట్‌పల్లి_లక్ష్మి: కాదండీ, రేల వేరు తంగేడు వేరు.

హబ్సిగూడ_సురేష్: మా ఊర్ల రెండిటినీ తంగేడే అంటరు.

ఉప్పల్_నర్సరీ_మామ: తప్పు బాబూ. 22 ఏండ్లు నర్సరీ నడిపిన నేను. తంగేడు పొద, బతుకమ్మల పేర్చేది అదే, కాయ పలచగ ఉంటది. రేల చెట్టు 30 అడుగులు పోతది, కాయ నల్లగ గుండ్రంగ కర్రలెక్క అడుగున్నర ఉంటది, ఎండినంక ఊపితే లోపల గింజలు గలగలమంటయ్. కేరళోళ్లు విషు పండుగకి పెట్టుకునేది ఇదే. తెల్వకుండ రాస్తే చదివినోళ్లు మోసపోతరు.

హబ్సిగూడ_సురేష్: మాట మంచిగ రాయండి. గునుగు, తంగేడు ఏరుకొచ్చి మా అమ్మతో బతుకమ్మ పేర్చినోన్ని, తంగేడు ఏందో నాకు చెప్తరా?

బోడుప్పల్_రవి: రేలకి పచ్చ పురుగులు పడతయ్ కదా, ఏం మందు కొడుతున్నారు?

కూకట్‌పల్లి_లక్ష్మి: ఏ మందూ కొట్టను. పది రోజులు ఆకు తింటాయి, తర్వాత అవే లేత పసుపు సీతాకోకచిలుకలై పెరడంతా తిరుగుతాయి. మందు కొట్టేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది, నిజంగా.

సైనిక్‌పురి_పద్మ: దేవగన్నేరు ఎవరూ చెప్పరేంటి? మూరెడు కొమ్మ కోసి పాలు ఆరేదాకా వారం నీడలో పెట్టి నాటాను, రెండో ఏడే పూసింది. ఒక్కటే బాధ, వానల్లో ఆకు కింద నారింజ రంగు పొడి పట్టింది, ముట్టుకుంటే వేళ్లకి అంటుతోంది. ఆ ఆకులు రోజూ ఏరి పారేస్తున్నా. వేపనూనె ఎవరికైనా పనిచేసిందా?

మణికొండ_వాణి: సంపు సంగతి, తీగల సంగతి ఒక్కరూ చెప్పలేదు!

ఉప్పల్_నర్సరీ_మామ: తీగలుంటే రేల కూడ వద్దమ్మా, ఏటా నరకాల్సొస్తది. దేవగన్నేరు పెట్టు, దాని వేర్లు అంత మొండివి కావు, ఎత్తు కూడ నీ చేతిల ఉంటది. కోసేటప్పుడు పాలు కంట్ల పడనీయకు.

హబ్సిగూడ_సురేష్: ఇందాక ఇంటి దగ్గరి చెట్టు కాయ ఊపి చూసిన. గలగలమంది. రేలనే.

సైనిక్‌పురి_పద్మ: వాణి గారూ, ఆదివారం వస్తే కొమ్మ ఇస్తా. తెల్లదా, ఎర్రదా?